పాయాకూ తోలుకూ మధ్య ఒక పందిరి

మేక కాళ్ళు తెచ్చి సన్నటి సెగ మీద గంటల తరబడి పాయా కాచిన ఇంట్లో మర్నాడు పొద్దున ఫ్రిజ్ తెరిస్తే ఒక వింత కనిపిస్తుంది. రాత్రి పల్చగా గరిటె నుంచి జారిన పులుసు తెల్లారేసరికి గిన్నె వంచినా కదలని ముద్దయి ఉంటుంది. స్పూన్‌తో తడితే తొణుకుతుంది. మళ్ళీ స్టవ్ మీద పెడితే రెండు నిమిషాల్లో నీళ్ళు. అది కొవ్వు అనుకుంటారు చాలామంది. కొవ్వు పైన తెల్లటి తెట్టులా వేరేగా పేరుకుని ఉంటుంది. కింద తొణికేది జెలటిన్. నిన్నటి దాకా అది మేక కాలిలో కండను ఎముకకు కట్టి ఉంచిన గట్టి తాడు. ఆ తాడు పేరు కొలాజెన్.

ఇదే కొలాజెన్ మేక చర్మంలోనూ ఉంటుంది. ఆ చర్మాన్ని తోళ్ళు ఊరబెట్టే లందలో తంగేడు చెక్క, కరక్కాయ నీళ్ళలో నానబెట్టి పదును చేస్తే తోలవుతుంది. చెప్పులు కుట్టుకుని వానలో నడిచినా కరగదు, ఏళ్ళు గడిచినా కుళ్ళదు. పదార్థం ఒకటే. ఒక దారిన పోతే కాస్త వేడికే నీరైపోయే పాయా, ఇంకో దారిన పోతే దేనికీ లొంగని తోలు. పాడైన చర్మం, నరం, మృదులాస్థి ఒంట్లో మళ్ళీ పెరిగేలా చేయాలని సహజ పాలిమర్ల నుంచి, అంటే ప్రకృతిలో దొరికే గొలుసుల్లాంటి పొడవాటి అణువుల నుంచి, వెంట్రుక కంటే వందల రెట్లు సన్నటి నానోపోగులు తీస్తున్నవాళ్ళ తలనొప్పంతా ఈ రెండు కొసల మధ్యే ఉంది. సన్నటి పోగు తీయడం వాళ్ళకు ఇప్పుడు పెద్ద విషయం కాదు. తీసిన పోగును పాయా కాకుండా, తోలూ కాకుండా ఆపడమే అసలు పని.

కణానికి ఆధారం ఎందుకు

కూరగాయలు తరుగుతుంటే వేలు కొంచెం తెగితే వారంలో అదే మానుతుంది. తెగిన చోటుకు చుట్టూ, అడుగునా కణాలు పట్టుకోవడానికి చోటుంది కాబట్టి. ఒంటి మీద పెద్ద భాగం కాలి, చర్మం లోపలి పొరతో సహా పోయినప్పుడు ఆ చోటే మిగలదు. చుట్టుపక్కల కణాలు హడావిడిగా ఏదో ఒకటి అల్లేస్తాయి. అదే మచ్చ. అది లాగేసి మెడ, మోచేయి ముడుచుకుపోతాయి. కాలిన గాయాలతో బయటపడ్డవాళ్ళను చూసినవారికి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

పోనీ మంచి కణాలను ల్యాబ్‌లో పెంచి గాయంలో పోస్తే? పనికిరాదు. చాలా రకాల కణాలు పట్టుకోవడానికి ఏదీ దొరక్క ద్రవంలో తేలుతూ ఉండిపోతే తమంతట తామే చచ్చిపోతాయి. వాటికి ముందు ఒక ఆధారం వేసిపెట్టాలి. ఇంగ్లీషులో దాన్ని స్కాఫోల్డ్ అంటారు. మాటకు మాట పెడితే తెలుగులో పరంజా. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు వేసుకుని పనయ్యాక విప్పేసేది. నాకు మాత్రం పందిరి అన్న మాటే నచ్చుతుంది. పరంజా మీద మనుషులు ఊరికే నిలబడతారు. పందిరినైతే బీరతీగ నులితీగలతో చుట్టుకుని, అది ఎటు చూపిస్తే అటు పాకుతుంది. కణాలు చేసేదీ అదే. కాకపోతే ఈ పందిరిని ఎవరూ వచ్చి విప్పరు. తీగ నిలదొక్కుకునే వేగానికి సరిపడా అదే చివికిపోవాలి. ముందే చివికితే తీగ కూలుతుంది, ఎంతకీ చివకకపోతే తీగకు అడ్డమవుతుంది.

ఈ ఆలోచన ఆసుపత్రి దాకా చేరిన మొదటి పెద్ద ఉదాహరణలో నానోపోగులు తీసే యంత్రమేమీ లేదు. అమెరికాలో ఎంఐటీకి చెందిన అయానిస్ యానస్, బోస్టన్‌లో కాలిన గాయాల సర్జన్ జాన్ బర్క్ కలిసి ఆవు కొలాజెన్‌నూ, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన ఒక చక్కెర పదార్థాన్నీ కలిపి స్పాంజిలా ఆరబెట్టారు, పైన సిలికోన్ పొర వేశారు. తీవ్రంగా కాలినవారి మీద అది పనిచేసిందని 1981లో ప్రకటించారు. లోపలి చర్మం ఆ స్పాంజిలోకి పెరిగింది, స్పాంజి కరిగిపోయింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి 1996లో వచ్చింది. అంటే పదిహేనేళ్ళు. ఈ రంగంలో గడియారం ఎలా నడుస్తుందో ఆ ఒక్క లెక్కే చెబుతుంది.

నులక మంచం మీద కణం

స్పాంజితో పనైపోయినప్పుడు నానోపోగులు దేనికి అని అడగొచ్చు. మన కణాలు ఒంట్లో ఖాళీలో వేలాడవు. వాటి చుట్టూ అవే స్రవించి అల్లుకున్న ఒక వల ఉంటుంది. అందులో ముఖ్యమైన కొలాజెన్ పోగుల మందం సుమారు 50 నుంచి 500 నానోమీటర్లు. తల వెంట్రుక దాదాపు 80,000 నానోమీటర్లు. కణం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే 10,000 నుంచి 20,000 నానోమీటర్లు. మామూలు బట్ట పోగు కూడా ఇంచుమించు కణమంత లావు. దాని మీద కూర్చున్న కణానికి, దుంగ మీద పాకే చీమలాగా, ఉన్నదంతా చదునైన నేలే. నానోపోగుల మీదైతే మనం నులక మంచం మీద పడుకున్నట్టుంటుంది. ఒక్కో కణం ఒకేసారి ఎన్నో తాళ్ళను పట్టుకుంటుంది, లాగి చూస్తుంది, ఏది బిగువో ఏది వదులో పసిగడుతుంది.

ఇదేదో కవిత్వం కోసం చెప్పిన మాట కాదు. 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒకే రకం మూలకణాలను వేర్వేరు గట్టిదనం ఉన్న జెల్‌ల మీద పెంచారు. మెదడంత మెత్తటి జెల్ మీద అవి నరాల కణాల దారి పట్టాయి, కండరమంత బిగువున్న దాని మీద కండర కణాల దారి, ఇంకా గట్టి దాని మీద ఎముక కణాల దారి. కింద పరుపు ఎంత గట్టిగా ఉందన్నది కూడా కణానికి ఒక ఆదేశమే అని తేలింది. పోగుల వరస కూడా అంతే. పోగులన్నీ ఒకే దిక్కుకు పరిస్తే కణాలు ఆ దిక్కుకే సాగుతాయి. తెగిన నరానికి దారి చూపించాలన్నా, కండను ఎముకకు కట్టే టెండన్‌ను అల్లించాలన్నా ఈ వరస కావాలి. చర్మానికి మాత్రం అడ్డదిడ్డంగా పరిస్తేనే మేలు.

సూది మొన మీద

ఇంత సన్నటి పోగు ఎలా తీస్తారో చూస్తే మొదట నిరాశే కలుగుతుంది. ఒక సిరంజి, దాన్ని మెల్లగా నొక్కే పంపు, మొన చదును చేసిన సూది, హై వోల్టేజి పెట్టె, ఎదురుగా ఒక అల్యూమినియం ఫాయిల్. మన వంటింట్లో చపాతీలు చుట్టే ఫాయిలే. సిరంజిలో పాలిమర్ ద్రావణం పోస్తారు, తేనె కంటే పల్చన, నీళ్ళ కంటే చిక్కన. సూదికి 10 నుంచి 30 వేల వోల్టులు ఇస్తారు. ఫాయిల్ జానెడు దూరంలో ఉంటుంది.

వోల్టేజి తక్కువగా ఉన్నంతసేపు సూది చివర బొట్టు గుండ్రంగా వేలాడుతుంది. పెంచుతూ పోతే బొట్టు కిందికి సాగి శంకువులా మొన తేలుతుంది. దీనికి టేలర్ కోన్ అని పేరు, 1964లో దీని లెక్కలు తేల్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ పేరు మీద. ఇంకొంచెం పెంచితే ఆ మొన నుంచి ఒక దారం ఎగిరి దూకుతుంది. మొదట కాస్త దూరం సూటిగా పోతుంది, ఆ తర్వాత కొరడాలా మెలికలు తిరుగుతుంది. కంటికి సూది నుంచి వందల దారాలు విసనకర్రలా విచ్చుకున్నట్టు కనిపిస్తుంది. చాలాకాలం అలాగే అనుకున్నారు కూడా. వేగంగా ఫొటోలు తీసే కెమెరా పెట్టి చూస్తే అక్కడ ఉన్నది ఒక్కటే దారం, పిచ్చిగా సుడులు తిరుగుతోంది. దాని మీది విద్యుదావేశం దాన్నే వికర్షిస్తుంది కాబట్టి అది సాగి సాగి సన్నబడుతుంది. దారిలోనే ద్రావణి ఆవిరైపోతుంది. ఫాయిల్ మీద తెల్లటి మరక మొదలై, ఉల్లిపొర కాగితంలా పేరుకుంటుంది. దీన్నే ఎలక్ట్రోస్పిన్నింగ్ అంటారు.

గంటకు ఒక మిల్లీలీటరు చొప్పున పదిశాతం ద్రావణం పోస్తే గంటకు వచ్చే సరుకు పదోవంతు గ్రాము. కానీ 200 నానోమీటర్ల మందంతో ఆ పదోవంతు గ్రామును ఒకే పోగుగా సాగదీసినట్టు లెక్కేస్తే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాటి పోవచ్చు. ఒక గ్రాము పోగుల ఉపరితలం పది బై పదహారు అడుగుల గది నేలంత ఉంటుంది. కణాలకు దొరికే చోటు అదన్నమాట.

విద్య కొత్తదేమీ కాదు. అమెరికాలో 1902లోనే దీనికి పేటెంట్లు ఉన్నాయి. 1930ల చివర్లో సోవియట్ యూనియన్‌లో పెత్రియానోవ్ పేరుతో వచ్చిన గ్యాస్ మాస్కుల ఫిల్టర్లు ఇలా తీసిన పోగులవే. తర్వాత దాదాపు మూలన పడింది. 1990ల్లో అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయంలో డారెల్ రెనెకర్ బృందం మళ్ళీ పైకి తీసింది. ఆ తర్వాత ఈ రంగాన్ని బాగా విస్తరించినవాళ్ళలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో స్థిరపడ్డ సీరం రామకృష్ణ ఒకరు.

చెప్పినంత సాఫీగా రోజూ సాగదు. ద్రావణం పల్చనైతే పోగుకు బదులు పూసలు వస్తాయి, చిక్కనైతే సూది మూసుకుపోతుంది. వర్షాకాలంలో ఇంకో టెన్షన్. గాలిలో తేమ పెరిగితే పోగు ఫాయిల్ చేరేలోపు ఆరదు, తడితడిగా పడి ఒకదానికొకటి అంటుకుపోతుంది. వడియాలు పెట్టేవాళ్ళకు తెలిసిన బాధే ఇది.

ముప్పేట విడిపోయిన చోట

ఇప్పుడు అసలు చిక్కులోకి. యంత్రం ఉంది, వల కొలత తెలుసు. కొలాజెన్‌నే పోగు తీస్తే అయిపోయిందిగా?

కొలాజెన్ అణువు అంటే ముప్పేట తాడు. మూడు ప్రోటీన్ గొలుసులు ఒకదానినొకటి పెనవేసుకుని ఉంటాయి. దీన్ని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా తేల్చారు. ఎక్స్-రే చిత్రాలకు వాళ్ళు వాడినవాటిలో కంగారూ తోకలోని టెండన్ కూడా ఉంది, అందులో పోగులు బాగా వరసగా ఉంటాయని. గొలుసులో ప్రతి మూడో పూస గ్లైసిన్ అనే అతి చిన్న అమైనో ఆమ్లం. పెనవేత లోపలి వైపున అంతకంటే పెద్దది పట్టదు. ఇలాంటి అణువులు మెట్లు మెట్లుగా పేర్చుకుని పోగవుతాయి, ఆ పోగు మీద 67 నానోమీటర్లకొకటి చొప్పున చారలుంటాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ చారలు చూసి ఇది అసలు కొలాజెన్ అని గుర్తుపడతారు.

పోగు తీయాలంటే ముందు కరిగించాలి. కొలాజెన్‌ను చిక్కగా కరిగించి, దారిలోనే ఆవిరయ్యే ద్రావణి కావాలి. హెచ్‌ఎఫ్‌ఐపీ అనే ఫ్లోరిన్ ఆల్కహాల్ ఆ పని చేస్తుంది, 60 డిగ్రీల లోపే మరుగుతుంది. ఖరీదూ ఎక్కువ, చర్మానికి తగిలితే కాల్చేస్తుంది. 2002లో వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీ బృందం దీనితో కొలాజెన్ నానోపోగులు తీసి, 67 నానోమీటర్ల చారలు కూడా కనిపించాయని ప్రకటించింది. రంగమంతా పండగ చేసుకుంది. తర్వాత కొన్నేళ్ళు ఎవరిని కదిపినా కొలాజెన్ నానోపోగులే.

2008లో సింగపూర్‌లోని ఒక బృందం నీళ్ళు చల్లింది. ఇది జెలటిన్ తయారీకి ఖరీదైన దారి మాత్రమేనా అని తమ పరిశోధన పత్రం శీర్షికలోనే అడిగేసింది. వాళ్ళు చేసిన పరీక్షల్లో ఎలక్ట్రోస్పిన్నింగ్ తర్వాత ముప్పేట విడిపోయి కనిపించింది, పోగులు నీళ్ళలో కరిగిపోయాయి. హెచ్‌ఎఫ్‌ఐపీ కొలాజెన్‌ను కరిగించడానికి దాని పేటలను విప్పేస్తోంది. పేటలు ఊడాక మళ్ళీ పోగు తీస్తే పైకి సన్నటి దారమే కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది పాయా గిన్నెలోని జెలటినే. గంటల తరబడి మంట చేసిన పనిని ఆ ద్రావణి నిశ్శబ్దంగా చేసేసింది.

అయితే ఏం, అని కొందరు. వాళ్ళ మాటలోనూ న్యాయముంది. కణం పోగును పట్టుకోవడానికి వాడే గుర్తుల్లో ఒకటి ఆర్జీడీ అని పిలిచే మూడు అమైనో ఆమ్లాల చిన్న వరస. జెలటిన్‌లో ఆ గుర్తు చెడిపోదు, పైగా పేటలు విడిపోయినందువల్ల ఇంకా బయటపడుతుంది. జెలటిన్ చవక. అందుకే చాలా ల్యాబులు ఆ దండగ ఖర్చు మాని నేరుగా జెలటిన్‌తోనే మొదలుపెడుతున్నాయి. నా అభ్యంతరం పేరు దగ్గరే. జెలటిన్‌ను జెలటిన్ అనే పిలవాలి. కొలాజెన్ అని రాసి ఉన్న ప్రతి నానోపోగు వార్తనూ ఈ అనుమానంతోనే చదవడం నాకు అలవాటైంది. ఏ ద్రావణి వాడారు, 37 డిగ్రీల నీళ్ళలో ఎన్నాళ్ళు నిలిచింది అన్న రెండు సంగతులు చూస్తాను.

లంద నుంచి నేర్చుకున్నది

జెలటిన్ పోగులను ఒంటి వేడి నీళ్ళలో వేస్తే చూస్తుండగానే మాయమవుతాయి. అందుకని పోగు తీశాక గొలుసుకూ గొలుసుకూ మధ్య ముడులు వేయాలి. శాస్త్ర భాషలో క్రాస్‌లింకింగ్. ఈ పని తరతరాలుగా మన ఊళ్ళలో జరిగిందే. లందలో తంగేడు చెక్క ఊరినప్పుడు అందులోని టానిన్ కొలాజెన్ గొలుసులను ఒకదానికొకటి పట్టి బిగిస్తుంది. మాదిగలు చేతులతో, ముక్కుతో, అనుభవంతో ఎంత నానాలో తేల్చుకున్న ఆ పనిని ఎవరూ కెమిస్ట్రీ అని పిలవలేదు, అంతే. ఆ విద్యను ప్రయోగశాలకు చేర్చిన సంస్థ మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు దానికి ఏళ్ళపాటు డైరెక్టర్. తోలు మీద పనిచేసే ఆ సంస్థే తర్వాత కాలిన గాయాల మీద కప్పే కొలాజెన్ పొరల మీద కూడా పనిచేసింది. మొదటిసారి విన్నప్పుడు తోలుకూ గాయానికీ ఏమిటి సంబంధం అనిపించింది నాకు. రెండూ ఒకే కొలాజెన్, ముడులు ఎక్కువా తక్కువా అన్నదే తేడా.

ముడులు వేయడానికి ల్యాబుల్లో ఎక్కువగా వాడింది గ్లూటరాల్డిహైడ్. మూసిన డబ్బాలో దాని ఆవిరి పట్టిస్తారు. తోలు పరిశ్రమకూ పరిచయమున్న రసాయనమే. బాగా బిగిస్తుంది, కానీ పోగుల్లో కాస్త మిగిలినా కణాలకు విషం. దానితో బిగించిన జంతు కణజాలపు గుండె కవాటాలలో కొన్నేళ్ళకు కాల్షియం పేరుకోవడం డాక్టర్లకు తెలిసిన సమస్య. దీనికి బదులు గంధరాజం జాతి మొక్క కాయల నుంచి తీసే జెనిపిన్ వాడుతున్నారు. అది ప్రోటీన్‌తో ముడిపడేకొద్దీ ముదురు నీలం రంగు వస్తుంది, తెల్లటి ఉల్లిపొర కాస్తా నీలి సిరాలో ముంచినట్టవుతుంది. విషం తక్కువ, ఖరీదు ఎక్కువ. ఈడీసీ అని ఇంకోటుంది, అది ముడివేసి తాను పక్కకు తప్పుకుంటుంది, ముడిలో మిగిలిపోదు.

ఏది వాడినా మోతాదు దగ్గరే అంతా. ముడులు తగ్గితే కణాలు తమ వల అల్లుకునేలోపే పందిరి కూలుతుంది. ఎక్కువైతే కణాల ఎంజైములు దాన్ని కోయలేవు. అప్పుడు శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టు పరాయిదిగా లెక్కగట్టి చుట్టూ గట్టి పొర కట్టి వెలివేస్తుంది.

హిందూపురం గూళ్ళు, భీమవరం పొట్టు

పట్టు ఈ విషయంలో బుద్ధిమంతురాలు. పట్టుదారంలో రెండు ప్రోటీన్లు: లోపల ఫైబ్రోయిన్, పైన జిగురులా సెరిసిన్. ధర్మవరంలో చీర నేసేముందు పట్టును సబ్బు, సోడా నీళ్ళలో ఉడకబెట్టి ఆ జిగురు తీస్తారు. బరువులో సుమారు పావు వంతు అక్కడే పోతుంది. ల్యాబులోనూ మొదటి మెట్టు అదే: గూళ్ళను కత్తిరించి, సోడియం కార్బొనేట్ నీళ్ళలో అరగంట ఉడికిస్తారు. సెరిసిన్ మిగిలితే ఒంట్లో వాపు తెస్తుందని పాత పట్టు కుట్ల అనుభవం. మిగిలిన ఫైబ్రోయిన్ మామూలు నీళ్ళలో కరగదు. లిథియం బ్రోమైడ్ చిక్కటి ద్రావణంలో 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు పెడితే తేనె రంగులో కరుగుతుంది. ఆ ఉప్పును రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ పొర గుండా వడకడితే చేతికొచ్చేది నీళ్ళలో కరిగిన పట్టు. హిందూపురం మార్కెట్లో కిలోల లెక్కన వేలం వేసే గూళ్ళు సీసాలో పసుపుపచ్చటి ద్రవంగా కనబడటం కాస్త చిత్రంగానే ఉంటుంది.

దాన్ని పోగు తీశాక మిథనాల్‌లో ముంచుతారు. గొలుసులు మడతలు పడి, మడత మీద మడత పేర్చుకుని స్ఫటికాల్లా బిగుసుకుంటాయి. ఇక నీళ్ళకు కరగదు. అంటే తంగేడు చెక్క అక్కర్లేకుండా పట్టు తన ముడి తానే వేసుకుంటుంది. హెచ్‌ఎఫ్‌ఐపీ లేకుండా నీళ్ళతోనే పోగు తీయొచ్చు కూడా. లోపం లేదా అంటే ఉంది: మల్బరీ పట్టులో కణం పట్టుకునే ఆ ఆర్జీడీ గుర్తు లేదు. అడవిలో మద్ది ఆకుల మీద పెరిగే దసలి పట్టులో ఉంది. తెలంగాణలో మహాదేవపూర్ వైపు నేసేది ఆ పట్టే. దసలిని కరిగించడం మాత్రం మల్బరీ కంటే మొండి పని.

ఇక రొయ్యలు. దేశంలో రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల వెనక గాలి ఎటు తిరిగినా తలలు, పొట్టు వాసన. రొయ్య బరువులో దాదాపు 40 శాతం ఇలా పోతుంది. ఆ పొట్టును పల్చటి ఆసిడ్‌లో వేస్తే సున్నం పోతుంది, పల్చటి కాస్టిక్ సోడాలో వేస్తే ప్రోటీన్ పోతుంది, మిగిలేది కైటిన్. దాన్ని చిక్కటి కాస్టిక్ సోడాలో కాచితే కైటోసాన్ అవుతుంది. వెనిగర్ లాంటి పల్చటి ఎసిటిక్ ఆసిడ్‌లో కరుగుతుంది. ఆసిడ్‌లో దాని మీద ధనావేశం ఏర్పడుతుంది. ఎర్ర రక్తకణాల పైన రుణావేశం. రెండూ అంటుకుని రక్తం త్వరగా గడ్డకడుతుంది. అమెరికా సైన్యం ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలకు పట్టుకెళ్ళిన రక్తం ఆపే కట్లలో కైటోసాన్ కట్లూ ఉన్నాయి. అవి నానోపోగులు కావు, స్పాంజిలా ఆరబెట్టినవి.

పోగు తీయబోతే ఆ ధనావేశమే ఎదురు తిరుగుతుంది. గొలుసులు ఒకదానినొకటి తోసుకుంటాయి, సూది చివర దారం సాగదు, చుక్కలు చుక్కలుగా తుంపరవుతుంది. అందుకని పాలిఇథిలీన్ ఆక్సైడ్ లాంటి సాగే పాలిమర్‌ను జోడీగా కలుపుతారు. తీరా తీశాక సోడా నీళ్ళతో ఆసిడ్‌ను విరగ్గొట్టకపోతే మొత్తం కరుగుతుంది. పైగా వేసవిలో పట్టిన వనామీ పొట్టు, చలికాలపు పొట్టు ఒకలాంటి కైటోసాన్ ఇవ్వవు. గొలుసు పొడుగు మారుతుంది, చిక్కదనం మారుతుంది, నిన్న పనిచేసిన వోల్టేజి ఇవాళ పనిచేయదు. సహజ పాలిమర్లన్నిటికీ ఉన్న జబ్బే ఇది. ప్రకృతి బ్యాచ్ నంబర్ వేసి పంపదు, అనుమతులిచ్చే అధికారులు మాత్రం బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా ఒప్పుకోరు.

లోపలికి దారేదీ

ముడులు సరిపడా వేశారు, కణాలు ఇష్టంగా పట్టుకున్నాయి అనుకుందాం. ఇంకో గోడ అడ్డొస్తుంది. నానోపోగులు ఎంత సన్నగా ఉంటే వాటి మధ్య సందులూ అంత చిన్నవి, చాలావరకు ఒకటి రెండు మైక్రాన్లు. కణమేమో పది మైక్రాన్ల పైమాటే. నులక మంచం మీద హాయిగా పడుకుంటుంది గానీ నులకలోంచి కిందికి దిగలేదు. పైన ఒక పొర పరుచుకుని ఆగిపోతుంది. పోగు లావు చేస్తే సందులు పెరుగుతాయి, కానీ అప్పుడు మళ్ళీ దుంగే.

దీనికి రకరకాల ఉపాయాలు. నీళ్ళలో కరిగే పోగులను కూడా కలిపి పరిచి, తర్వాత కడిగేస్తే అవి పోయిన చోట సందులు మిగులుతాయి. మైనస్ డిగ్రీల్లో చల్లబరిచిన డ్రమ్ము మీద పోగు తీస్తే గాలిలోని తేమ మంచు పలుకులై పోగుల మధ్య చేరుతుంది, తర్వాత ఆ మంచు పోయి గుల్ల అవుతుంది. ఏ ఉపాయమైనా బలం కొంత తగ్గిస్తుంది. లోపలికి దిగినా కణానికి ఆక్సిజన్ కావాలి. రక్తనాళానికి 100, 200 మైక్రాన్ల కంటే దూరంగా ఉన్న కణం సాధారణంగా బతకదు. అందుకే ఈ పొరలతో చర్మం, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర), నరం చుట్టూ గొట్టం లాంటి పల్చటి వాటికే ముందు ఆశ. కాలేయం, మూత్రపిండం తయారుచేస్తున్నాం అన్న శీర్షికలు చూస్తే రక్తనాళాలు ఎక్కడి నుంచి తెస్తారో వార్తలో వెతకండి.

ఈ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో స్టాక్‌హోమ్‌లో తెలిసింది. 2011 నుంచి కరోలిన్‌స్కా ఆసుపత్రిలో సర్జన్ పావలో మకియారిని ముగ్గురికి ప్లాస్టిక్ శ్వాసనాళాలు అమర్చాడు, వాటి మీద రోగుల సొంత కణాలు చల్లి. అందులో ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో తీసిన నానోపోగుల నాళం కూడా ఉంది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ నాళాలు ప్లాస్టిక్‌గానే మిగిలాయి. ముగ్గురూ చనిపోయారు. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ళ జైలు వేసింది.

మన దేశంలో గెలిచిన ఒక దారి పోగు తీయడాన్నే పక్కన పెట్టింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో పంది పిత్తాశయాన్ని తీసుకుని, అందులో కణాలన్నిటినీ తొలగించి, అవి అల్లిన వలను మాత్రం ఉంచుకున్నారు. ముప్పేట విప్పలేదు కాబట్టి మళ్ళీ పేనే బాధ లేదు. గాయాల మీద వేసే ఆ పొరకు 2023లో భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి వచ్చింది.

హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇంకా దగ్గరి పందిరి వాడుతోంది: కాన్పు తర్వాత మాయతో పాటు వచ్చే ఉమ్మనీటి సంచి పొర. ఆసిడ్, సున్నం పడి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పోయినవాళ్ళకు, బాగున్న రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది తునకలు చేస్తారు. దెబ్బతిన్న కంటి మీద ఆ పొర పరిచి, తునకలను రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ అనే ప్రోటీన్ జిగురుతో వరసగా అంటిస్తారు. కణాలు పొర మీద పాకి కలుసుకుంటాయి, పొర కరిగిపోతుంది. ఈ పద్ధతిని వాళ్ళు 2012లో ప్రకటించారు. దీనికీ చిక్కులున్నాయి: పొర ఇచ్చిన ప్రతి తల్లికీ రక్తపరీక్షలు చేయాలి, పొరను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి, ఒకరి పొర మందం ఇంకొకరి పొరకు ఉండదు. ఆ ఫ్రీజర్ లేని ఊళ్ళ కోసం ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంతో కలిసి ఎలక్ట్రోస్పిన్నింగ్ పొర ఒకటి తయారుచేసి పరీక్షిస్తూ వచ్చారు. దానికి ఎంచుకున్న పాలిమర్ మాత్రం కొలాజెన్ కాదు, పట్టు కాదు, కైటోసాన్ కాదు. కరిగిపోయే కుట్లకు వాడే పీఎల్‌జీఏ అనే సింథటిక్ పాలిమర్. ఎక్కడ తయారుచేసినా ఒకేలా వస్తుందని.